ఒకే గిన్నె, ఒకే బంతి: డోర్నకల్ బిషప్ అజరయ్య అడిగిన స్నేహం

క్షమించమని ఎవరికి చెబుతారు? వాడల్లో పెరిగిన ఎవరినడిగినా జవాబు చెబుతారు. కొట్టినవాడికి చెప్పరు, దెబ్బలు తిన్నవాడికి చెబుతారు. ఊరి పెద్దమనుషులు రాజీ పంచాయితీ పెట్టినా, కేసు వెనక్కి తీసుకోమని నలుగురు ఇంటికొచ్చి కూర్చున్నా, చివరికి ఆదివారం చర్చిలో ప్రసంగం విన్నా అదే మాట. పోనీలే, మరిచిపో, క్షమించు. దయ సంగతీ అంతే. పైనున్నవాడు చూపిస్తాడు, కింద ఉన్నవాడు చేతులు చాపి తీసుకుంటాడు. అందుకే క్షమ, దయ అంటే మన ఉద్యమాల్లో చాలామందికి ఒళ్లు మండుతుంది. ఆ మంటలో న్యాయం ఉంది.

అయితే ఈ రెండు మాటలకూ వేరే అర్థం ఇవ్వడానికి ప్రయత్నించిన మనిషి ఒకరు ఈ తెలుగు నేల మీదే 35 ఏళ్లు బతికారు. ఆయన దృష్టిలో దయ అంటే పక్కన కూర్చోబెట్టుకోవడం. క్షమ అంటే చేసిన తప్పును సరిదిద్దుకున్నాక కలిసి తినడం. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. డోర్నకల్ వైపు పాతతరం వాళ్లకు ఆయన పేరు తెలుసు. విశ్వవిద్యాలయాల్లో దళిత చరిత్ర చదువుకునే మా తరానికి పెద్దగా తెలియదు. తెలుగు దళిత క్రైస్తవుల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు నాకు ఆయన మీద అనుమానమే ఎక్కువ. దొరల చర్చిలో పెద్ద పదవి చేసిన మనిషి మన గురించి ఏం ఆలోచించి ఉంటాడులే అనుకున్నాను. చదివేకొద్దీ ఆ అనుమానం పూర్తిగా పోలేదు గానీ, గౌరవం పెరిగింది.

తాటిచెట్ల నేల నుంచి

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి పాస్టరు. తల్లి ఎలెన్. వాళ్లది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీసి, బెల్లం కాచి బతికిన కులం. గుళ్లలోకి వాళ్లను రానిచ్చేవారు కాదు. పక్కనే ఉన్న తిరువాంకూరులో ఆ కులం ఆడవాళ్లు రొమ్ము కప్పుకునే హక్కు కోసమే దశాబ్దాలు పోరాడాల్సి వచ్చింది. 1859లో గానీ రాజు ఒప్పుకోలేదు, అదీ షరతులతో. అజరయ్యకు పాతికేళ్లు వచ్చిన 1899లో శివకాశిలో నాడార్ల మీద పెద్ద దాడులు జరిగాయి. ఆ కులం అప్పటికే వ్యాపారంలో, చదువులో పైకి వస్తోంది. పైకి వస్తున్నందుకే ఆ దాడులు.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. నాడార్లు మాల మాదిగల్లా ఊరి చివరకు నెట్టిన కులం కాదు. తమకంటే కిందివాళ్లనుకున్న పళ్లర్లను, పరయర్లను వాళ్లూ దూరం పెట్టారు. అవమానం తెలిసిన కులమే ఇంకొకరిని అవమానించడం మనకు కొత్త సంగతి కాదు. అజరయ్య పుట్టింది ఆ మెట్ల మధ్యలో.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. తల్లి పెంపకంలో మిషన్ బళ్లలో చదివారు. తిరునల్వేలిలో చదువుకునే రోజుల్లోనే విద్యార్థుల మధ్య కులం అడ్డు తొలగించడానికి ఒక సంఘం పెట్టడంలో పాలుపంచుకున్నారు. తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. ఆఖరి పరీక్ష రాయకుండానే బయటికొచ్చి 1895లో వైఎంసిఎలో ఉద్యోగంలో చేరారు. మరుసటి ఏడాది షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడు అదే పనిమీద మద్రాసు వచ్చాడు. ఇద్దరూ దక్షిణాది అంతా కలిసి తిరిగారు. తెల్లవాడు ముందు, నల్లవాడు వెనక నడిచే కాలంలో వాళ్లది సమానుల స్నేహం. పదిహేనేళ్ల తర్వాత అజరయ్య ప్రపంచాన్ని అడగబోయేది అదే. ముందు తన జీవితంలో దాని రుచి చూశారు కాబట్టే అడగగలిగారు.

1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్లయింది. ఆమె చదువుకున్న మనిషి. కట్నం తీసుకోలేదు.

డోర్నకల్‌లో అక్షరాభ్యాసం

విదేశీ డబ్బు లేకుండా మనవాళ్లే తమ డబ్బుతో, తమ మనుషులతో సేవ చేయాలన్న పట్టుదలతో 1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఒక మిషనరీ సొసైటీ పెట్టారు. దాని వెనక ముఖ్యుడు అజరయ్య. ఆ సొసైటీ పని చేయడానికి ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని డోర్నకల్. రైలు జంక్షను, చుట్టూ అడవి, బీద పల్లెలు. ఇతరులను అక్కడికి పంపి తాను మద్రాసులో జీతం తీసుకుంటూ కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో ఉద్యోగం వదిలేసి పాస్టరుగా డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి 35 ఏళ్లు. తెలుగు అక్షరం ముక్క రాదు. మొదటి నుంచీ నేర్చుకున్నారు. భార్య కూడా నేర్చుకుని ఆడవాళ్ల మధ్య పని మొదలుపెట్టింది.

చర్చికి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ మాలలు, మాదిగలు. దొరల ఇళ్లల్లో, పొలాల్లో వెట్టి చేసేవాళ్లు. పశువు చస్తే మోసేవాళ్లు, జాతరలో డప్పు కొట్టేవాళ్లు. బాప్తిస్మం తీసుకున్నాక ఆదివారం పనికి రామంటే దెబ్బలు. జాతరకు డప్పు కొట్టమంటే మళ్లీ దెబ్బలు. మతం మారడం వాళ్లకు మనసులో జరిగిన మార్పు మాత్రమే కాదు. ఊరు పెట్టిన పనికి కాదని చెప్పడం కూడా. ఆ కాదనడానికి ధర చెల్లించింది ఆ కుటుంబాలే.

ఎడిన్‌బరోలో ఒక సాయంత్రం

1910 జూన్‌లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1200 మంది ప్రతినిధులు. ఆసియా నుంచి వెళ్లినవాళ్లు ఇరవై మంది కూడా లేరు. వాళ్లలో అజరయ్య ఒకరు. విదేశీ మిషనరీలకూ స్థానిక పనివారికీ మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు. ఆయన సహకారం గురించి కాకుండా, దాన్ని అసాధ్యం చేస్తున్న దాని గురించి మాట్లాడారు.

ఏళ్ల తరబడి ఒకే ఊళ్లో పనిచేసినా మిషనరీ బంగళాలో భారతీయ పాస్టరుకు అన్నం పెట్టరని చెప్పారు. యజమాని, పనివాడు అన్న సంబంధమే తప్ప మనిషికీ మనిషికీ ఉండాల్సిన సంబంధం లేదని చెప్పారు. కరచాలనం, కూర్చోమని కుర్చీ వేయడం, టీ ఇవ్వడం ఇవన్నీ వాటికవి ముఖ్యం కాదని కూడా స్పష్టం చేశారు. అవి స్నేహానికి గుర్తులు. గుర్తే లేనిచోట స్నేహం ఉందని ఎలా నమ్మాలి అన్నది ఆయన ప్రశ్న. మిషనరీలు మన కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, దానికి భారతీయ సంఘం కృతజ్ఞతతో ఉంటుందని ఒప్పుకున్నారు. అది చాలదన్నారు. మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్న అర్థం వచ్చేలా ముగించారు.

సభలో కలవరం పుట్టింది. కొందరు మిషనరీలు బాగా నొచ్చుకున్నారు. ఇంత చేసిన మమ్మల్నే అంటావా అన్న కోపం అది. మనకు ఆ కోపం బాగా తెలుసు. హాస్టల్ సీటు ఇచ్చాం, రిజర్వేషన్ ఇచ్చాం, ఇంకా ఏం కావాలి అనే గొంతులో ఈరోజుకీ వినిపిస్తుంది. ఇచ్చినవాడికి తన దానం మీద నమ్మకం ఎక్కువ. తీసుకున్నవాడు పక్కన కుర్చీ అడిగితే ఆ నమ్మకం కదిలిపోతుంది.

అజరయ్య తన నొప్పిని దాచుకోలేదు, వాళ్లతో సంబంధం తెంచుకోనూ లేదు. తప్పు ఎక్కడుందో మొహం మీద చెప్పారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా అదే మనుషులతో కలిసి పనిచేశారు. ఆయన క్షమలో మౌనం లేదు. ముందు నిజం చెప్పడం, తర్వాత కలిసి ఉండడం. ఈ వరస ముఖ్యం.

బిషప్ ఎవరవ్వాలి?

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ అజరయ్యను బిషప్ చేయాలని ప్రతిపాదించినప్పుడు వ్యతిరేకత వచ్చింది. ఒక భారతీయుడి కింద తెల్ల పాస్టర్లు ఎలా పనిచేస్తారన్నది విదేశీ మిషనరీల్లో కొందరి అభ్యంతరం. ఒక నాడార్‌కు ఆ పదవి ఏమిటన్నది ఇతర కులాల క్రైస్తవుల్లో కొందరి అభ్యంతరం. రంగు, కులం రెండూ ఒకేచోట కలిశాయి. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు.

ఆయన చనిపోయేదాకా, అంటే 32 ఏళ్ల పాటు, దేశంలో ఒక ఆంగ్లికన్ మండలానికి అధిపతిగా ఉన్న భారతీయ బిషప్ ఆయన ఒక్కరే. స్నేహితులు కావాలని అడిగినదానికి ఆ చర్చి ఎంత నెమ్మదిగా స్పందించిందో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

ఒకే గిన్నె

అజరయ్యకు అసలు పరీక్ష ఎడిన్‌బరోలో కాదు, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెల్లో ఎదురైంది. తెల్లవాళ్లను స్నేహం అడగడం ఒక ఎత్తు. మాలలూ మాదిగలూ ఒకరికొకరు స్నేహితులు కావడం ఇంకో ఎత్తు. ఇద్దరూ అంటరానివాళ్లే. ఇద్దరి బావులూ వేరు, వాడలూ వేరు. ఒకరింట్లో ఒకరు తినరు, పిల్లనివ్వరు. మాలవాడలో చర్చి వెలిస్తే మాదిగలు రారు, మాదిగవాడలో వెలిస్తే మాలలు రారు. ఊరు తయారుచేసిన మెట్లు బాప్తిస్మంతో కూలిపోలేదు.

ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ప్రభువు బల్లకు సంబంధించి ఒక పాత నియమం ఉంది. ఇద్దరి మధ్య పగ ఉన్నట్టు పాస్టరుకు తెలిస్తే, వాళ్లు రాజీపడేదాకా ఇద్దరికీ రొట్టె, ద్రాక్షారసం ఇవ్వకూడదు. ఒకరు మనస్ఫూర్తిగా క్షమించడానికీ, తాను చేసిన తప్పుకు పరిహారం చెల్లించడానికీ సిద్ధపడి, రెండోవాళ్లు మొండికేస్తే, సిద్ధపడినవాళ్లను బల్లకు రానిచ్చి మొండివాళ్లను ఆపాలి.

ఈ నియమాన్ని మనం కాస్త నిలబడి చూడాలి. ఇందులో క్షమించడం ఒక్కటే లేదు, పరిహారం కూడా ఉంది. బయట ఆపేది క్షమాపణ అందుకోవాల్సినవాణ్ని కాదు, తప్పు ఒప్పుకోనివాణ్ని. మన ఊళ్లలో జరిగే రాజీకి ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ దెబ్బ తిన్నవాడు సర్దుకుంటే పంచాయితీ ముగుస్తుంది. ఇక్కడ తప్పు చేసినవాడు సరిదిద్దుకుంటేనే ముగుస్తుంది.

బల్ల దగ్గర ఉండేది ఒకే గిన్నె. మాల తాగిన గిన్నెలో మాదిగ తాగాలి, మాదిగ తాగిన గిన్నెలో మాల తాగాలి. అజరయ్య ఈ విషయంలో సర్దుబాటుకు ఒప్పుకోలేదు. కులం పాటించే క్రైస్తవం క్రైస్తవమే కాదన్నది ఆయన పట్టు. డోర్నకల్‌లో పాస్టర్ల శిక్షణ కూడా ఆ లెక్కలోనే నడిచింది. శిక్షణకు వచ్చినవాళ్లు భార్యాపిల్లలతో సహా వచ్చి కలిసి ఉండాలి. భార్యలకూ చదువు చెప్పేవారు. చదువుతోపాటు ఒళ్లు వంచి పనిచేయాలి. రేపు పల్లెలో పాస్టరుగా వెళ్లేవాడు పక్క కులం పాస్టరుతో కలిసి బతకడం ఇక్కడే నేర్చుకోవాలి.

పల్లెల్లో సంఘాలు నడిచింది ఎక్కువగా పేదవాళ్ల చేతులతోనే. అన్నం వండే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టేవాళ్లు. వారం తిరిగేసరికి అవి చర్చికి వచ్చేవి. పూట గడవని ఇంటి నుంచి పిడికెడు బియ్యం అడగడం అన్యాయం కాదా అని నేను మొదట అనుకున్నాను. ఎప్పుడూ తీసుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి కావడంలో ఉన్న ఆత్మగౌరవం నాకు తర్వాత అర్థమైంది. దయ ఇక్కడ పైనుంచి కిందికి దిగలేదు. ఒక పొయ్యి నుంచి ఇంకో పొయ్యికి వెళ్లింది. 1930ల మధ్య నాటికి ఆ మండలంలో క్రైస్తవులు 2 లక్షలు దాటారు. భారతీయ పాస్టర్లు 250 మంది దాకా, పల్లె బడుల ఉపాధ్యాయులు 2000 మందికి పైగా ఉన్నారు. ఆ ఉపాధ్యాయుల్లో ఎక్కువమంది వెట్టి చేసినవాళ్ల కొడుకులూ కూతుళ్లే.

గాంధీతో తగువు, అంబేడ్కర్ ముందు సిగ్గు

1935 అక్టోబర్‌లో యేవలాలో అంబేడ్కర్ హిందువుగా చావనని ప్రకటించాక దేశమంతా మతమార్పిడి చర్చ లేచింది. అదే కాలంలో డోర్నకల్ ప్రాంతంలో శూద్ర కులాలవాళ్లు కూడా వేల సంఖ్యలో చర్చికి రావడం మొదలైంది. మాల మాదిగ క్రైస్తవుల బతుకుల్లో వచ్చిన మార్పును కళ్లారా చూసి వస్తున్నారన్నది అజరయ్య వాదన. గాంధీ దాన్ని నమ్మలేదు. హరిజన్ పత్రికలో దీనిమీద వాదోపవాదాలు నడిచాయి. 1936 చివర్లో గాంధీ అంటరానివాళ్ల అవగాహనను ఆవుతో పోల్చి మాట్లాడడం మన చరిత్రలో మరవలేని గాయం. దళితుడికి తన మతం తాను ఎంచుకునే బుద్ధి లేదన్న దయ అది. అజరయ్య జీవితమంతా నిలబడింది దానికి ఎదురుగా. మాల, మాదిగ ఆలోచించగలరు, ఎంచుకోగలరు, ఎంచుకున్నదాన్ని నలుగురికీ చెప్పగలరు అన్న నమ్మకం మీద.

కానీ అంబేడ్కర్ ముందు ఆయన తల వంచాల్సి వచ్చిందని సమకాలీనులు నమోదు చేశారు. మావాళ్లు క్రైస్తవంలోకి వస్తే దేశంలో ఎక్కడున్నా ఒక్క సంఘంగా ఉంటారా అన్నది అంబేడ్కర్ ప్రశ్న సారాంశం. అప్పటికి చర్చి ఆంగ్లికన్, మెథడిస్టు, బాప్టిస్టు, లూథరన్ అంటూ ముక్కలై ఉంది. లోపల కులం సరేసరి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక జీవితంలో ఎన్నడూ పడనంత సిగ్గు పడ్డారట. 1919లో తరంగంబాడిలో చర్చిల ఐక్యత కోసం పిలుపునిచ్చినవాళ్లలో ముందున్న మనిషి ఆయన. ఆ ప్రయత్నం ఫలించి దక్షిణ భారత సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. అజరయ్య దాన్ని చూడలేదు.

ఆయనతో మనకు విభేదాలుండాలి, ఉన్నాయి. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. అవి చర్చిని ఒక కులంలా మార్చేస్తాయని ఆయన భయం. రాజ్యాధికారంలో వాటా లేకుండా ఒకే గిన్నెలో తాగినంత మాత్రాన దొర గడీ కూలదన్న సంగతి ఆయన సరిగా పట్టుకోలేదని నా అభిప్రాయం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డ్ కులాల జాబితా బయట పెట్టినప్పుడు ఆ లోపం ఖరీదు తెలిసింది. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధ దళితులకు 1990లో న్యాయం జరిగింది. క్రైస్తవ దళితులు ఇంకా బయటే ఉన్నారు. ఆయన పాలనలో తండ్రి పెత్తనం వాసన కూడా ఉంది. తండ్రి ఎంత మంచివాడైనా, అది సమానుల స్నేహం కాదు.

మిగిలిన ప్రశ్న

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయారు. తాను కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ పక్కనే సమాధి. ఎన్నో ఏళ్లు పట్టిన ఆ కట్టడాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. మసీదు మీద ఉన్నట్టు గుమ్మటాలు, గుడిలో ఉన్నట్టు స్తంభాలు. పరాయివాళ్ల గుడి కాదు, ఈ నేల గుడి అని చెప్పే కట్టడం.

పోయిన ఏడాది పరిశోధన పనిమీద ఒక పల్లెకు వెళ్లాను. రెండు వాడలు, రెండు చర్చిలు, మధ్యలో ఒక సిమెంటు రోడ్డు. రెండింట్లోనూ అదే బైబిలు. మీ పిల్లలు అవతలి చర్చికి వెళ్తారా అని ఒక పెద్దమ్మను అడిగాను. బడికి కలిసి పోతారు బిడ్డా, చర్చికి పోరు అంది. ఆమె గొంతులో కోపం లేదు. అలవాటు ఉంది. అలవాటే ఎక్కువ భయపెట్టింది నన్ను.

మనం బయట ఊరిని ప్రశ్నిస్తాం, ప్రశ్నించాలి. అగ్రకులాలవాళ్లు క్షమాపణ చెప్పాలి, పరిహారం ఇవ్వాలి, పక్కన కుర్చీ వేయాలి. కానీ ఆ నియమం ఆ సిమెంటు రోడ్డుకు కూడా వర్తిస్తుంది. మాలలూ మాదిగలూ ఒకరికొకరు ఏం బాకీ ఉన్నారో లెక్క చూసుకోవాలి. బాకీ తీర్చుకోవాలి. ఆ తర్వాత ఒకే బంతిలో కూర్చోవాలి. వర్గీకరణ మీద, నాయకత్వం మీద, వాటాల మీద మన మధ్య తగువులున్నాయి. వాటిని దాచిపెట్టి ఐక్యత అనడం, దెబ్బ తిన్నవాణ్ని సర్దుకోమనడం లాంటిదే. తగువును బయటపెట్టి, న్యాయం చేసి, ఆ తర్వాత చేతులు కలపడం వేరు.

రోజువారీ క్రైస్తవ జీవితంలో క్షమ, దయ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఇకమీదట నేను ప్రసంగం చెప్పను. ఆ ఊళ్లోని రెండు చర్చిల గురించి చెబుతాను. ఆ రెండింటి మధ్య రోడ్డు దాటడానికి పది అడుగులు చాలు. ముందు అడుగు తప్పు చేసినవాళ్లు వేయాలి. పొయ్యి మీద అన్నం అవతలివాళ్ల కోసం కూడా ఉండాలి.